అరుంధతికి తోడున్న యెఱ్ఱచుక్క



గడచిన వైశాఖ మాసమున మా హఫీజ్‌పేటలో బంధువుల యింట నొక వివాహము జరిగినది. అది పగటి ముహూర్తము. మాంగల్యధారణమైనది, తలంబ్రాలైనవి. పిమ్మట పురోహితుడు వధూవరులను మండపము వెలుపలికి తోడ్కొనివచ్చి, ఉత్తరపు దిక్కునకు వ్రేలు చూపి, "అదిగో అరుంధతి" అనెను. అప్పుడు పట్టపగలు పదునొకండు గంటలు. వరుడు తలయూపెను, వధువును తలయూపెను, చుట్టు నున్న మేమందఱమును అక్షతలు చల్లితిమి.

ఆ పెండ్లికూతురు నాకు మనుమరాలి వరుస. రాత్రి భోజనములైన పిదప నా కడకు వచ్చి, "తాతా, పొద్దున చూడనిదాన్ని చూచినానని తల ఊపినాను. ఇప్పుడైనా చూపించు" అని యడిగినది. ఇరువురము మేడమీదికి పోతిమి. నలుదెసల కొలువుకూటముల దీపములు, రాచబాటల దీపములు వెలుగుచుండగా ఆకాశము పలుచని మజ్జిగవలె తెల్లబడి యున్నది. సప్తర్షులలో వసిష్ఠుని కష్టము మీద గుఱుతింపగలిగితిమి. అరుంధతి మాత్రము కానరాలేదు. ఏండ్ల తరబడి బడిపిల్లలకు ఖగోళము చెప్పిన నాకు ఆ రాత్రి సిగ్గు కలిగినది. చూపలేకపోతిని గావున ఆ చుక్క కథనైనను ఆమెకు చెప్పితిని. ఆ కథనే నేడు మీకును విన్నవించుచున్నాను.

మన శాస్త్రములలో స్థూలారుంధతీ న్యాయమని యొకటి కలదు. అరుంధతి చిన్న చుక్క. తిన్నగా దానినే చూపబోయినచో చూచువానికి దొరకదు. కావున మొదట దాని ప్రక్కనున్న పెద్ద చుక్కను చూపి, దృష్టి అచట నిలిచిన పిమ్మట, "అదికాదు, దాని చెంతనున్న సన్నని చుక్కను చూడుము" అని చెప్పుదురు. తెలిసినదాని నుండి తెలియనిదానికి, స్థూలము నుండి సూక్ష్మమునకు నడిపించు పద్ధతి యిది. గడచిన నాలుగు వందల సంవత్సరములలో జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమున నడచిన త్రోవయు నిదియే. వారు వసిష్ఠునితో ప్రారంభించిరి. 2009వ సంవత్సరమునకు గాని అరుంధతి తోడును చేరలేకపోయిరి. ఆ తోడు యెఱ్ఱని చిన్న చుక్క. అచటికి చేరుటకు ఏల యంత కాలము పట్టినదో, ఆ త్రోవలో మన దక్షిణదేశమునకును మన హైదరాబాదునకును గల పాలు ఎట్టిదో విచారింతము.

దూరదర్శిని అనెడి సాధనమును ఆకాశమునకు త్రిప్పి చూచిన తొలితరమువారిలో ఇటలీ దేశస్థుడగు గెలీలియో ముఖ్యుడు. అతని శిష్యుడు కాస్టెల్లి యనువాడు వసిష్ఠ నక్షత్రమును చూచి, అది యొక చుక్క కాదు, రెండు చుక్కలని గ్రహించి గురువునకు తెలిపెను. 1617 జనవరిలో గెలీలియో తానును చూచి యా రెంటి నడుమనున్న యెడమును కొలిచెను. ఇచట నొక విషయము గుఱుతుంచుకొనవలెను. వారు రెండుగా చూచినది వసిష్ఠుని. అరుంధతి అంతకంటె చాల ఎడముగా నుండును. మంచి చూపు గలవారికి సాధనము లేకయే అది వేఱుగా కనబడును.

గెలీలియో ఈ జంటను చూచుటలో నొక యుద్దేశ మున్నది. మీరు రైలుబండి కిటికీ కడ కూర్చుండి చూచునప్పుడు దగ్గఱి చింతచెట్టు వెనుకకు పరుగెత్తును. దూరపు గుట్ట కదలనట్లే యుండును. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్న యెడల మనమును నిట్టి బండిలో నున్నవారమే. రెండు చుక్కలు ఒకే దిక్కున కనబడుచు, ఒకటి దగ్గఱను వేఱొకటి దూరమునను ఉన్నచో, సంవత్సరములో వాని యెడము మాఱవలెను. ఆ మార్పు కనబడినచో భూమి తిరుగుట ఋజువగును. వసిష్ఠుని రెండు చుక్కల నడుమ అట్టి మార్పు కానరాలేదు. వానిలో నొకటి దగ్గఱ, మఱియొకటి దూరము కాదు. రెండును ఒకేచోట, ఒకదాని కొకటి కట్టుబడి యున్నవి. ఉపాయము సరియైనదే, అది ఫలించుటకు మాత్రము నాలుగు వందల యేండ్లు పట్టినది. ఈ మాటను మనసున నుంచుకొనుడు. కడపట మరల నిచటికే వత్తుము.

ఇక మన దేశమునకు వత్తము. 1689 డిసెంబరులో పుదుచ్చేరియందు రిషో అను ఫ్రెంచి మతగురువు ఒక తోకచుక్కను పరిశీలించుచు, దక్షిణాకాశమున మిక్కిలి ప్రకాశించు నొక తారను దూరదర్శినితో చూచెను. అది జంటయని తేలెను. ఆ తారకు పాశ్చాత్యులు ఆల్ఫా సెంటారీ అని పేరిడిరి. మన సూర్యునకు అత్యంత సమీపమున నున్న నక్షత్ర కుటుంబ మదియే. దాని వెలుగు మనలను చేరుటకు నాలుగు సంవత్సరములకు కొంచెము పైగా పట్టును. వెలుగు ఒక సంవత్సరములో నడచు దూరమును కాంతి సంవత్సరమందురు. అది రమారమి తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. హఫీజ్‌పేట వంటి చోట జ్యేష్ఠమాసపు రాత్రులలో పది గంటల ప్రాంతమున తిన్నగా దక్షిణమునకు చూచినచో, చేయి చాచి పట్టిన పిడికిలి యెత్తుకంటె కొంచెము పైగా ఆ తార కనబడును. చెట్లును మేడలును అడ్డులేకుండవలెను, అంతే.

ఆ జంటలోని చుక్కలు ఒకదాని నొకటి చుట్టివచ్చుటకు ఇంచుమించు 80 సంవత్సరములు పట్టును. మనలో సహస్ర చంద్రదర్శనము చేసికొను పెద్దలున్నారు. వేయి పున్నములు చూచుటకు పట్టు కాలమును సుమారు 80 సంవత్సరములే. అనగా నిండు జీవితము గడపిన యొక మనుష్యుడు పుట్టిన దినము మొదలు వేయవ పున్నమ వరకు చూచిన గాని ఆ జంట ఒక్క ప్రదక్షిణము పూర్తి చేయదు. ఒక్కని జీవితము చాలని పని యిది. తండ్రి వ్రాసిపెట్టిన లెక్కను కొడుకు అందుకొనవలెను. గురువు కొలతను శిష్యుడు సరిచూడవలెను. జంటచుక్కల చరిత్ర యంతయు ఈ యప్పగింతల చరిత్రయే.

దీనికి పునర్వసు నక్షత్రము మంచి యుదాహరణము. శ్రీరాముని జన్మతారగా మీ రందఱు నెఱిగినదే. సంస్కృతమున ఆ పదము ద్వివచనముగా వాడబడుటయు పండితు లెఱిగినదే. రెండు వెలుగుల తార యది. ఆ రెంటిలో ఒకటియైన కాస్టర్ దూరదర్శినితో చూచినప్పుడు తానును జంటయై కనబడును. ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను నతడు ఈ జంటను కొలిచి లెక్క వ్రాసి యుంచి, ఇంచుమించు ఇరువదియైదు సంవత్సరముల పిమ్మట మరల కొలిచెను. చుక్కల స్థితి మాఱినది. ఆ మార్పు భూమి నడకవలన కలిగినది కాదు. ఆ రెండును ఒకదాని నొకటి చుట్టుచున్నవి. 1803లో అతడు దీనిని లోకమునకు ప్రకటించెను. ఇంట చెట్టు నుండి పండును రాల్చు నాకర్షణమే నక్షత్రలోకమునను పనిచేయుచున్నదని అప్పుడు తెలిసినది. ఆ జంట ఒకమాఱు చుట్టుటకు నాలుగు వందల సంవత్సరములకు పైబడి పట్టును. హెర్షెల్ చూచినది ఆ చుట్టులో మిక్కిలి చిన్న తునుక మాత్రమే. ఆ తునుకను సరిగా వ్రాసియుంచుటయే అతని ఘనత.

లెక్క వ్రాసియుంచినచో తప్పులు దొరలవా యని మీ రడుగవచ్చును. దొరలును. మన మదరాసు వేధశాలకు అధిపతిగా నుండిన కెప్టెన్ జేకబ్ 1855లో 70 ఒఫియూకై అను జంటచుక్క నడకలో వంకరలున్నవని చూపి, దానిని వేఱొక గోళము లాగుచున్నట్లున్నదని ప్రకటించెను. ఇతర సూర్యుల చెంత గ్రహమున్నదని కొలతల ఆధారముతో చెప్ప సాహసించిన తొలి ప్రయత్నములలో నది యొకటి. తరువాతివారు మరల మరల కొలిచి చూడగా ఆ గ్రహము లేదని తేలినది. అయినను జేకబ్ తన అంకెలను దాచుకొనక ముద్రింపించుటచేతనే తరువాతివారు వానిని దిద్దగలిగిరి. నోటిమాటగా చెప్పిన తప్పు పుకారై పోవును. వ్రాసిన తప్పు దిద్దుబాటునకు నోచుకొనును.

ఈ నడుమ వసిష్ఠుని సంగతి యేమైనది? 1857లో అమెరికాలోని హార్వర్డు వేధశాలవారు వసిష్ఠునికిని అరుంధతికిని కలిపి ఛాయాచిత్రము తీసిరి. జంటచుక్కల ఛాయాచిత్రములలో నదియే మొదటిది. 1889లో అచటి పికరింగ్ పండితుడు వసిష్ఠుని వెలుగును గాజుపట్టకముచే విడదీసి, అందలి రేఖలు ఒకప్పుడు ఒంటిగాను, ఒకప్పుడు రెండుగాను కనబడుటను ప్రకటించెను. దీని భావ మేమనగా: హఫీజ్‌పేట స్టేషనున నిలుచుండి వినుడు. దగ్గఱకు వచ్చు బండి కూత సన్నగాను, దూరముగా పోవునపుడు బొంగురుగాను వినబడును. వెలుగునకును నిట్టి ధర్మమే కలదు. రేఖలు రెండైనవనగా ఒక చుక్క మన వైపు వచ్చుచున్నది, రెండవది దూరమగుచున్నది. ఏ దూరదర్శినియందును విడివడి కనబడని రెండు సూర్యులు ఇరువది దినముల కొకమాఱు ఒకదాని నొకటి చుట్టుచున్నవి. 1908లో ఆ జంటలోని రెండవ చుక్కయు నిట్టి జంటయే యని తెలిసినది. ఆ విధముగా వసిష్ఠుడు ఒకడు గాక నలువురైనాడు. అరుంధతి మాత్రము ఒంటరియనియే అందఱును తలచిరి.

ఇప్పుడు హైదరాబాదు సంగతి వినుడు. మా హఫీజ్‌పేట స్టేషనున బండి యెక్కినచో అదే దారిన బేగంపేట వచ్చును. ఆ బేగంపేటలో నొకప్పుడు నిజామియా వేధశాల యుండెడిది. ఇంగ్లండులో చదివివచ్చిన నవాబు జఫర్ జంగు అను ప్రభువు 15 అంగుళముల కటకము గల దూరదర్శినిని కొని తెచ్చి, 1901లో ఫిసల్‌బండ యొద్ద తన స్థలములో వేధశాలను నెలకొల్పెను. అప్పుడు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పాలనము. నవాబు 1907లో మరణింపగా, మఱుసటి యేడు ప్రభుత్వము ఆ వేధశాలను స్వీకరించెను. అది బేగంపేటకు మాఱినది. 1919 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆధీనమైనది.

అంతకుమున్ను 1887లో పారిసు నగరమున పలుదేశముల జ్యోతిర్విదులు కూడి యొక మహాకార్యమునకు పూనుకొనిరి. ఆకాశమునంతను చేలగట్లవలె మండలములుగా విభజించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క మండలము నప్పగించి, గాజుపలకలపై ఛాయాచిత్రములు తీసి, ప్రతి చుక్క స్థానమును కొలిచి పుస్తకముల కెక్కించుట ఆ కార్యము. భూమికి సర్వే చేసి పహాణీ వ్రాసినట్లు ఆకాశమునకు వ్రాసిన పహాణీ యిది యనవచ్చును. దక్షిణ అమెరికాలోని శాంటియాగో వేధశాలకు కేటాయించిన యొక మండలము అచట సాగలేదు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా 17వ డిగ్రీ మొదలు 23వ డిగ్రీ వరకు గల ఆ మండలమును హైదరాబాదు స్వీకరించినది.

ఛాట్‌వుడ్ అను నతడు పనిముట్లను సిద్ధపఱచెను. 1914లో వచ్చిన పోకాక్ పనిని ముమ్మరముగా సాగించి 1918లో కాలధర్మము నొందెను. పిమ్మట టి.పి. భాస్కరన్ 1944 వరకు ఆ వేధశాలను నడపెను. దక్షిణపు మండలము 1929 నాటికి ముగిసినది. జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల వదలిన ఉత్తరపు మండలములో 36 మొదలు 39 డిగ్రీల వరకు గల భాగమును సయితము మనవారే 1928 నుండి 1938 వరకు తీసిరి. ఒక్కొక్క పలకపై ఆకాశమున రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల చదరము మాత్రమే పట్టును. పగలెల్ల ఆ పలకను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, ఒక్కొక్క చుక్కకు అడ్డముకొలత, నిలువుకొలత చూచి వ్రాయవలెను. ఇట్లు లక్షల కొలది చుక్కలకు వ్రాసిరి. యంత్రగణకములు లేని కాలమది. కన్ను, చేయి, కలము, ఓర్పు ఇవియే వారి సాధనములు. ఆ పని యొక్క సంపుటములు 1917 మొదలు 1946 వరకు వెలువడినవి. అంతలో రెండు మహాయుద్ధములు జరిగినవి. చుక్కల లెక్క ఆగలేదు.

ఆ లెక్క వలన ప్రయోజన మేమి యని వారి కాలముననే కొందఱడిగి యుందురు. జవాబు తరువాతి తరమునకు దొరికినది. 1989లో ఐరోపావారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపి నక్షత్రముల స్థానములను మిక్కిలి సూక్ష్మముగా కొలిపించిరి. ఏ చుక్క యెంత వడితో కదలుచున్నదో తెలియవలెనన్న నేటి కొలత యొక్కటే చాలదు. నాటి కొలతయు వలయును. పొలముగట్టు జరిగినదా లేదా యని తేల్చుటకు పాత పటము వలసినట్లే. కాబట్టి 2000వ సంవత్సరమున టైకో-2 అను పట్టికను కూర్చినవారు పాత గాజుపలకల కొలతలను బయటికి తీసి క్రొత్త కొలతలతో పోల్చి, ఇరువదియైదు లక్షల నక్షత్రముల నడకలను నిర్ణయించిరి. ఆ పాత కొలతలలో బేగంపేటలో వ్రాసినవియు నున్నవి.

చుక్కల నడక యేల తెలియవలెను? తోడును గుఱుతుపట్టుటకు అది తిరుగులేని సాక్ష్యము గనుక. హైదరాబాదు వంతునకు వచ్చిన దక్షిణపు మండలముననే, తులారాశిలో నొక చుక్క యున్నది. శాస్త్రజ్ఞుల పట్టికలలో దాని పేరు గ్లీజే 570. దూరము సుమారు 19 కాంతి సంవత్సరములు. నక్షత్రములలో అది మనకు ఇరుగుపొరుగే. మంచి చీకటిరాత్రి మన కంటికి లీలగా కనబడును. నూఱేండ్లలో అది జరుగు దూరము చంద్రబింబపు వెడల్పులో ఇంచుమించు తొమ్మిదవ వంతు. నక్షత్రములలో నిది గొప్ప వేగమే. దాని చెంతనే యెఱ్ఱని చిన్న చుక్క యొకటి, అదే దిక్కునకు, అదే వడితో నడచుచున్నది. జాతరలో వేయి మంది యొకచోట నున్నను, ఏండ్ల తరబడి ఒకే దారిన, ఒకే నడకతో, ప్రక్కప్రక్కల పోవువారిని చూచినచో ఒక యింటివారని మన మెఱుగుదుము గదా. ఆ యెఱ్ఱచుక్కయు పరీక్షింపగా తానే జంటయని తేలినది. ఆ రెండును 309 దినముల కొకమాఱు ఒకదాని నొకటి చుట్టును. 2000వ సంవత్సరమున ఆ కుటుంబముననే మఱియొక సభ్యుడు దొరికెను. అది వెలుగజాలినంత బరువు లేక నక్షత్రము కాలేకపోయిన గోళము. దానిని పట్టియిచ్చినదియు నా సమానమైన నడకయే.

ఈ యెఱ్ఱచుక్కలను గూర్చి రెండు మాటలు చెప్పెదను. వీనిని అరుణ వామన తారలనవచ్చును. సూర్యునికంటె చాల చిన్నవి, చల్లనివి గనుక యెఱ్ఱగా నుండును. మన చుట్టుప్రక్కల నున్న నక్షత్రములలో నాలుగింట మూడు వంతులు ఇట్టివే. అయినను వీనిలో నొక్కటియైనను వట్టి కంటికి కనబడదు. మనము రాత్రి చూచు ఆకాశము గొప్పవారి సభ మాత్రమే. జనసామాన్యమంతయు చీకటిలో నున్నది. 1915లో దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గులో ఇన్నెస్ అను నతడు, ఐదేండ్ల యెడముతో తీసిన రెండు ఛాయాచిత్రములను పోల్చి, పుదుచ్చేరిలో రిషో చూచిన ఆ జంటకు సమానమైన నడక గల యొక యెఱ్ఱచుక్కను కనుగొనెను. సూర్యునకు అన్నిటికంటె దగ్గఱనున్న నక్షత్రమదియే. దాని పేరు ప్రాక్సిమా. దూరము 4.24 కాంతి సంవత్సరములు. అది ఆ జంటకు నిజముగా కట్టుబడియున్నదా యను సందేహము నూఱేండ్లు నిలిచినది. 2017లో వెలువడిన కొలతలతో తీరినది. ఒక ప్రదక్షిణమునకు ఐదు లక్షల సంవత్సరములకు పైగా పట్టును! శ్రీరాముని పునర్వసు చెంతనున్న కాస్టర్ కుటుంబమునను ఇట్టి యెఱ్ఱవామనముల జంట యున్నది. అవి ఇరువది గంటలు నిండకముందే ఒకదాని నొకటి చుట్టివచ్చును.

వామనమని చిన్నచూపు చూడరాదు. పెద్ద నక్షత్రములు పెద్ద పొయ్యిలవంటివి. కట్టెలను వేగముగా కాల్చి చల్లారిపోవును. ఈ చిన్నవి కుంపటిలోని నిప్పువలె నివురుగప్పి లక్షల కోట్ల సంవత్సరములు నిలువగలవు. విశ్వమునకు ఇప్పటికి సుమారు 1,380 కోట్ల యేండ్లు. కావున పుట్టిన యెఱ్ఱవామనములలో నొక్కటియు ఇంతవరకు వార్ధక్యముచే మరణింపలేదు.

ఇక అరుంధతి కడకు వత్తము. అది తెల్లని నక్షత్రము, సూర్యునికంటె పెద్దది. దూరము 80 కాంతి సంవత్సరములకు కొంచెము పైమాట. దాని దిక్కునుండి ఎక్స్ కిరణములు వచ్చుచున్నట్లు ఉపగ్రహములోని సాధనము వలన లోగడనే తెలిసియుండెను. అట్టి తెల్లని నక్షత్రము సాధారణముగా ఆ కిరణములను వెలువరింపదు. మఱి అవి యెక్కడివి? 2009లో అమెరికాలో రెండు బృందములు వేర్వేరుగా దీనికి జవాబు కనుగొన్నవి. ఎరిక్ మమాజెక్ బృందము అరిజోనా రాష్ట్రమున గ్రహములను వెదకుచు అరుంధతి చెంత నొక చిన్న చుక్కను చూచెను. పాలొమార్ కొండపై 200 అంగుళముల దూరదర్శినితో పనిచేయు మఱియొక బృందము, అరుంధతి వెలుగును అడ్డుపెట్టి మఱుగుచేసి, ఆ మఱుగున నున్న అదే చుక్కను చూచెను. ఎండలో అరచేయి అడ్డుపెట్టుకొని దూరపు మనిషిని చూచినట్లన్నమాట.

అది నిజముగా తోడా, లేక వెనుక నెచటనో దూరముననున్న చుక్కయా? పాలొమార్ వారు మార్చి నెలలో నొకమాఱు, మూడు నెలలు దాటిన పిమ్మట నొకమాఱు కొలిచిరి. ఆ లోపల భూమి సూర్యుని చుట్టు తన దారిలో కొంత మేర నడచినది. మనము కూర్చున్న బండి కదలుట చేత అరుంధతి స్థానమున రవంత మార్పు కనబడినది. ఆ చిన్న చుక్కయు సరిగా అంతియే కదలినది. రెండును ఒకే దూరమున నున్నవని తేలినది. 1617లో గెలీలియో వసిష్ఠునిపై పన్నిన యుపాయమిదియే యని మీరు గ్రహించియుందురు. నాలుగు వందల యేండ్ల పిమ్మట, అదే ఋషిమండలమున, ప్రక్కనున్న అరుంధతిపై అది ఫలించినది.

ఆ తోడు ఒక అరుణ వామన తార. సూర్యుని ద్రవ్యరాశిలో సుమారు నాలుగవ వంతు గలది. ఎక్స్ కిరణములకు కారణమదియే యని పరిశోధకుల నిర్ణయము. వసిష్ఠుని నలువురును, అరుంధతియు దాని తోడును కలసి ఆఱుగురు గల యొకే కుటుంబమని మమాజెక్ బృందము తలచుచున్నది. మన పెద్దలు వధూవరులకు దంపతులని చూపినది, లెక్క చూడగా నిండు ఉమ్మడి సంసారము. మన పెద్దలకు ఇదియంతయు తెలియునని నే ననను. అట్లనుట సత్యము కాదు. కాని సన్నని చుక్కను చూపుటకు ముందు పెద్ద చుక్కను చూపవలెనను విధమును వారెఱుగుదురు. చూపుడు వ్రేలిని తరమునుండి తరమున కప్పగించుటయు వారెఱుగుదురు.

ఆ యప్పగింతయే యిప్పుడు తెగిపోవునట్లున్నది. బేగంపేట చుట్టును నగరము పెరుగగా, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు నగరమునకు దూరముగా జపాల్, రంగాపూర్ గ్రామముల కడ 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పుకొనిరి. అది 1968లో పనికి వచ్చినది. వేధశాల దీపముల నుండి తొలగిపోగలదు. మా హఫీజ్‌పేట తొలగిపోజాలదు. ఇచటి పిల్లలు అరుంధతిని పెండ్లిపుస్తకమున మాత్రమే యెఱుగుదురు. గ్రామములలో నున్న మీ కింకను చీకటి మిగిలియున్నది. అది మీ యాస్తి. చెఱువుగట్టు వలె, ఊరుమ్మడి బీడు వలె దానిని కాపాడుకొనుడు. అక్కఱ లేనిచోట రాత్రియెల్ల వెలుగు దీపమును ఆర్పుడు. వెలుగవలసిన దీపమునకు పైకప్పు పెట్టి వెలుగు నేలపై పడునట్లు చేయుడు. ఖర్చు స్వల్పము.

వైశాఖ మాసపు రాత్రి తొమ్మిది గంటలకు మనుమలను కళ్లమునకు తోడ్కొనిపోయి ఉత్తరమునకు త్రిప్పి నిలువబెట్టుడు. నడినెత్తికిని నేలకును నడుమ సప్తర్షులు కనబడుదురు. తోకలో నడిమి చుక్కను మొదట చూపుడు. దృష్టి నిలిచిన పిదప దాని చెంతనున్న సన్నని చుక్కను చూపుడు. కనబడిన పిమ్మట, "దానికిని కంటి కందని యెఱ్ఱని తోడొకటి కలదు" అని చెప్పుడు. ఎవరికి ఏ దినమున కనబడినదో, ఎవరికి కనబడలేదో తిథివారములతో నొక పుస్తకమున వ్రాసియుంచుడు. అది చిన్న పనియే. బేగంపేటలో పలకలు కొలిచినవారి పనియు నిట్టి చిన్న పనులు లక్షల కొలది చేరినదే.

ఎనుబది దాటి సహస్ర చంద్రదర్శనము చేసికొనిన వృద్ధు లెవరైన మీలో నున్నచో వారికొక మాట. నేటి రాత్రి అరుంధతి నుండి మీ కంటికి చేరు వెలుగు, ఇంచుమించు మీరు తొట్టెలలో నున్ననాడు అచట బయలుదేరినది. అది మీ యంత వయసు నడచి వచ్చినది. దానిని చూచుటకు ప్రక్కన నొక పసివానిని నిలువబెట్టుకొనుడు.

మా మనుమరాలు ఆషాఢమున పుట్టినింటికి రాగా, ఆమెను నగరమునకు దూరముగా బంధువుల పల్లెకు గొనిపోయితిని. ఆ రాత్రి మబ్బు విడిచినది. ఈ మాఱు ఆమె నిజముగా చూచి తలయూపినది.